మానుకు వంగిన ఇల్లు

‘ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు’ అని సామెత. ఈ రెండు పనులలోను మనుష్యుని ధనమునకే గాక బుద్ధికిని పరీక్ష జరుగును. ధనమున్నవారందరును ఇల్లు కట్టగలరు. కాని తాము కట్టబోవు నేల ఎట్టిదో, ఆ నేలపై తమకంటె ముందు నిలిచియున్న దేదో తెలిసికొని కట్టువారు కొందరే. మనము ఖాళీ స్థలమని పిలుచు దొడ్డిలో ఒక వేపయో, మామిడియో, పనసయో నలువది యేండ్లుగా కాపురముండును. ఇల్లు కట్టదలచినప్పుడు దాని నేమి చేయవలెను? నరకవలెనా, నిలుపవలెనా? నిలుపదలచినచో ఇంటి నెట్లు కట్టవలెను? గోదావరి జిల్లాలలో ఎన్నో కుటుంబములకు ఈ ప్రశ్న ఎదురగుచుండును. దీనికి సమాధానము చెప్పుటకు ముందు ఆ నేలను గూర్చియు, ఆ నేలపై పెద్దలు కట్టిన ఇండ్లను గూర్చియు కొంచెము తెలిసికొనవలెను.

ధవళేశ్వరము దాటిన పిమ్మట గోదావరి గౌతమి, వసిష్ఠ అను రెండు పెద్ద పాయలుగా చీలి సముద్రము వైపు సాగును. వసిష్ఠ నుండి వైనతేయ పాయ వేరగును. వేలయేండ్లుగా నది తెచ్చి పేర్చిన ఒండ్రుమట్టియే ఈ డెల్టా. ఆర్థర్ కాటను ఆధ్వర్యమున 1847లో ధవళేశ్వరము వద్ద ప్రారంభమైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. కాలువలు పారినవి, వరిచేలు, కొబ్బరితోటలు, అరటితోటలు విస్తరించినవి. కడియము, కడియపులంకల నర్సరీల నుండి నేడు దేశములోని దూరప్రాంతములకు సైతము మొక్కలు పోవుచున్నవి. చెట్టునకు ఇంతకంటె అనువైన నేల దొరకుట కష్టము.

అయితే ఇల్లు కట్టువానికి ఈ నేల అంత సులభముగా లొంగదు. చాల చోట్ల మట్టి బంకగా నుండును. వానలలో నీరు పీల్చి ఉబ్బును. ఎండలలో నెఱ్ఱెలు విచ్చును. కొద్ది లోతు త్రవ్వగనే నీరు కనబడును. దీనికి తోడు వరదలు, తుపానులు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కుల ప్రవాహముతో పొంగి లంకలను, ఊళ్ళను ముంచినది. 1996 నవంబరులో కోనసీమపై విరుచుకుపడిన తుపాను వందలకొలది ప్రాణములను బలిగొన్నది. లక్షలకొలది కొబ్బరిచెట్లను నేలకూల్చినది. కావున ఇచ్చట ఇల్లు కట్టువాడు నీటిని, గాలిని, మట్టిని మూడింటిని మనస్సునం దుంచుకొనవలెను.

మన పెద్దలు వీనిని మనస్సునం దుంచుకొనియే మండువా లోగిళ్ళను కట్టిరి. నాలుగు వైపుల గదులు, గదుల ముందు వసారాలు, నట్టనడుమ ఆకాశము కనబడు చదరపు వాకిలి. ఆ వాకిలియే మండువా. నాలుగు వైపుల పెంకుటిండ్ల చూరులును దానిలోనికి వాలియుండును. వర్షము కురిసినప్పుడు నాలుగు చూరుల నీరును అందు పడి, తూము గుండ వెలుపలికి పోవును. ఇందులో గమనింపదగిన విషయ మొకటి కలదు. వసారాలు ఎత్తుగా నుండును. మండువా పల్లముగా నుండును. మనుష్యులు తిరుగు చోటు మెరక, నీరు దిగు చోటు పల్లము. ఇంటి నంతటిని ఒకే మట్టమునకు తేవలెనని ఆనాటివారు పట్టుపట్టలేదు. వెలుతురు, గాలి నడుమనుండియే లోనికి వచ్చుచుండెను. వేడెక్కిన గాలి పైకి పోవ, చల్లని గాలి వసారాలలోనికి దిగుచుండెను. కోనసీమ గ్రామములలో ఇట్టి లోగిళ్ళు కొన్ని ఇప్పటికిని నిలిచియున్నవి.

కాలము మారినది. ఉమ్మడి కుటుంబములు విడిపోయినవి, దొడ్లు ముక్కలైనవి, పెంకుటిండ్ల స్థానమున శ్లాబు ఇండ్లు వెలసినవి. రోడ్డు వేసినప్పుడెల్ల దాని మట్టము పెరుగుచుండుటచే, ఇంటిలోనికి నీరు రాకుండుటకై ప్రజలు తమ స్థలములను రోడ్డుకంటె ఎత్తు చేయుచున్నారు. పునాది తీయుటకు ముందే ట్రాక్టర్లతో మట్టి తోలించి దొడ్డి నంతటిని మెరక చేయుట నేడు ఆనవాయితీ యైనది. ఈ మెరక పనిలోనే చెట్టునకు తెలియని యాపద దాగియున్నది.

ఒక గృహస్థు నుదాహరణముగా గొందము. అతనికి తండ్రి వలన పది సెంట్ల దొడ్డి వచ్చినదనుకొందము. అందు తండ్రి నాటిన కొత్తపల్లి కొబ్బరి మామిడిచెట్టొకటి కలదు. వరదనీట మోకాలి లోతున నిలిచియు అది చావలేదు. తుపానులో ఒక పెద్దకొమ్మను పోగొట్టుకొనియు పడలేదు. పాత తాటాకిల్లు శిథిలమైనది. కొత్త యిల్లు కట్టవలెను. కలప వర్తకుడు వచ్చి చెట్టుకు వెల కట్టి పోయినాడు.

తల్లి మాత్రము ఒప్పుకొనలేదు. “నాయనా, ఆ చెట్టు కింద మీ నాన్నగారు మీ అందరికీ అక్షరాలు దిద్దించారు. ఇల్లు ఎప్పుడైనా కట్టుకోవచ్చు. ఆ చెట్టు మళ్ళీ ఇంతది కావాలంటే నేను చూడను, నువ్వూ చూడవు” అన్నది.

కోడలు అత్తగారి మాట కాదనలేదు. కాని తన భయమును దాచుకొనలేదు. “అత్తయ్యగారూ, నాకూ ఆ చెట్టంటే ఇష్టమేనండి. గాలివాన వచ్చిన రాత్రి పిల్లల్ని పక్కలో వేసుకుని ఆ కొమ్మల కింద పడుకోవలసింది కూడా నేనే కదండీ” అన్నది.

ఇద్దరి మాటలలోను సత్యము కలదు. చెట్టుపై ప్రేమ గలవారు రెండవ మాటను తేలికగా తీసివేయరాదు. చెట్టును నిలుపుటకై మనుష్యుల ప్రాణములను పణముగా పెట్టుట ధర్మము కాదు.

అంతలో తాపీ మేస్త్రి మధ్యేమార్గము చూపినాడు. “ఆయ్, చెట్టు కొట్టక్కర్లేదండి. మొదలు చుట్టూ మూడడుగుల అరుగు కట్టేసి, మిగతా దొడ్డంతా మూడడుగులు మెరక చేయించేద్దామండి. చెట్టూ ఉంటుంది, ఇల్లూ ఉంటుందండి” అన్నాడు.

వినుట కీ మాట ఎంతో న్యాయముగా తోచును. అతని మనస్సులో చెట్టుపై ద్వేషము లేదు. చాల ఇండ్లలో జరుగుచున్నది నిదియే. కాని రెండు మూడేండ్లకు ఆ చెట్టు కొనలు ఎండును, ఆకు పలుచబడును, కాపు తగ్గును, చివరకు మ్రోడగును. ఇంటివారు ‘చెట్టుకు ముసలితనము వచ్చినది’ అనుకొందురు. నిజమునకు దానిని చంపినది మెరక మట్టి.

ఆ మాట చెప్పినవాడు దొడ్డికి మొక్కలు తెచ్చిన కడియము తోటమాలి. “బాబుగారూ, మొదలు కనబడుతోంది కదా, చెట్టు క్షేమమేనని మనం అనుకుంటామండి. చెట్టుకి నోరు నేలలో ఉంటుందండి. దాని మీద మూడడుగుల మట్టి పోస్తే ఊపిరాడక చస్తుందండి” అన్నాడు.

ఈ మాటలోని శాస్త్రమును తెలిసికొనుట మంచిది. చెట్టు వేళ్ళు పైనున్న కొమ్మల వలెనే లోతునకు దిగియుండునని చాలమంది తలంతురు. కాని నీటిని, పోషక పదార్థములను గ్రహించు సన్నని వేళ్ళలో అధికభాగము నేలపైపొరలో, సుమారు రెండడుగుల లోతులోనే యుండును. అవి కొమ్మల నీడ పడు మేర దాటి కూడ వ్యాపించును. వేళ్ళకు నీటితోబాటు గాలియు కావలెను. మట్టిరేణువుల సందులలోని గాలినే అవి పీల్చుకొనును. పైన కొత్త మట్టి కప్పినను, సిమెంటు గచ్చు చేసినను, బరువైన వాహనములు తిరిగి నేల గట్టిపడినను ఆ గాలి అందదు. నీటి మట్టము పైననే యుండు డెల్టా నేలలో వేళ్ళకు లోతునకు పోవు మార్గము మరియు తక్కువ. కావున పైపొరయే వానికి ఆధారము.

అట్లయిన చెట్టుకు ఎంత చోటు విడువవలెను? దీనికి చెట్ల సంరక్షకులు పాటించు సులభమైన లెక్క యొకటి కలదు. నేలనుండి ఐదడుగుల యెత్తున మాను చుట్టు త్రాడు చుట్టి చుట్టుకొలత తీయవలెను. దానినుండి మాను వ్యాసమును లెక్కించి, ఆ వ్యాసమునకు పండ్రెండు రెట్ల దూరము చెట్టు చుట్టు విడువవలెను. మన గృహస్థుని మామిడి చుట్టుకొలత 6 అడుగులనుకొందము. దానిని 22/7తో భాగించినచో వ్యాసము సుమారు 1.9 అడుగులు. దానికి పండ్రెండు రెట్లు సుమారు 23 అడుగులు. అనగా మానునుండి అన్ని వైపుల 23 అడుగుల వరకు నేలను త్రవ్వరాదు, మెరక చేయరాదు, గచ్చు చేయరాదు.

ఈ వలయము వైశాల్యము సుమారు 1,660 చదరపు అడుగులు. సెంటుకు 435.6 చదరపు అడుగుల చొప్పున అది 3.8 సెంట్లు. పది సెంట్లలో దాదాపు నాలుగు సెంట్లు చెట్టుకే విడిచినచో మిగిలిన దానిలో ఇల్లు పట్టునా అని గృహస్థు దిగులుపడినాడు. అతని దొడ్డి 66 అడుగుల చదరము. చెట్టు నైరృతి భాగమున, పడమటి సరిహద్దునుండియు దక్షిణపు సరిహద్దునుండియు 23 అడుగుల దూరమున నున్నది. కాగితముపై గీచి చూచినప్పుడు ఉత్తరమున ఇరువది అడుగులు, తూర్పున ఇరువది అడుగులు మిగిలినవి. సరిహద్దుల వెంబడి నాలుగేసి అడుగులు విడిచినచో, పదునారడుగుల వెడల్పు గల రెండు వరుసల గదులు వచ్చును. ఒక వరుస ఉత్తరమున 58 అడుగులు, ఇంకొకటి తూర్పున 42 అడుగులు. మొత్తము 1,600 చదరపు అడుగులు. ఒక కుటుంబమున కంత ఇల్లు చాలును.

అప్పుడు మేస్త్రి తన చేతిలోని మూలమట్టమును కాగితముపై పెట్టి చూపి, “ఇల్లు ఇదిగో, ఇలా వంచాలండి” అన్నాడు. తెలియని విషయము తెలిసినంతనే తన మాట మార్చుకొనుట కతడు సంకోచింపలేదు. మంచి పనివాని లక్షణ మదియే. ‘మొక్కై వంగనిది మానై వంగునా’ అని సామెత. మాను వంగదు. అది సత్యము. కావున ఇల్లే వంగవలెను. చదరముగా నుండవలసిన ఇల్లు మూలమట్టపు ఆకారమున వంగినప్పుడు, చెట్టునకును మనుష్యునకును చోటు దొరకినది.

ఇంక మెరక సమస్య యున్నది. రోడ్డు మట్టము కంటె ఇల్లు ఎత్తుగా నుండుట డెల్టాలో అవసరము. దానిని కాదనుట అవివేకము. కాని ఎత్తు కావలసినది ఇంటికి, దొడ్డికి కాదు. ఇంటి అరుగులను మాత్రము మూడడుగులు లేపి, చెట్టు క్రింది నేలను పాత మట్టముననే యుంచినచో, పల్లమునందు చెట్టు, మెరకపై వసారా ఏర్పడును. వసారా చూరు చెట్టు వైపు వాలును. ఇది మన పెద్దల మండువా కాక మరేమి? నాలుగు వైపులకు బదులు రెండు వైపుల ఇల్లు, శూన్యమైన ఆకాశమునకు బదులు ఆకుల పందిరి, అంతియే భేదము.

పల్లమున నీరు నిలుచునను భయము సహజము. కొద్ది దినములు నీటిలో నున్నను మామిడి సహించును. వారములకొలది నిలిచినచో వేళ్ళు క్రుళ్ళును. వేపకు నీటి నిలువ అసలే గిట్టదు. కావున పాత లోగిలి తూమును మరువరాదు. వలయము అంచునుండి మురుగుకాలువ వరకు వాటముగా ఒక తూము వేయవలెను. వలయము లోపల కాలువ త్రవ్వరాదు. ఇంటి కప్పుపై పడు నీటిని ముందుగా తొట్టిలో నింపుకొనుట ఇంకను మేలు. ఏడాదిలో ఒక మీటరు వర్షము కురిసిన చోట 1,600 చదరపు అడుగుల కప్పుపై సుమారు లక్షన్నర లీటర్ల నీరు పడును. సముద్రతీర గ్రామములలో భూగర్భజలము ఉప్పగా నుండు చోట ఈ నీటి విలువ వేరుగా చెప్పనక్కర లేదు.

పునాది విషయమునను జాగ్రత్త కావలెను. గోడల క్రింద పొడవునా కందకము తీయుట మన వాడుక. చెట్టున కది మిక్కిలి హాని. ఒక వైపు కందకము తీయగా పెద్దవేళ్ళు తెగినచో, చెట్టు ఆహారమును మాత్రమే గాక పట్టును కూడ పోగొట్టుకొనును. తెగిన వైపునకు ఎదురుగా గాలి కొట్టిన నాడు అది పడిపోవును. తుపానులో చెట్టు పడినప్పుడు మనము గాలిని నిందింతుము; గునపము చేసిన పని మనకు గుర్తుండదు.

దీనికి మన దేశముననే చక్కని ఉపాయము కలదు. ఉబ్బి కుంగు నల్లరేగడి నేలలకై రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఒక విధమైన పైల్ పునాదిని అభివృద్ధి చేసినది. నేలలో సన్నని గుంటలను లోతుగా తొలిచి, అడుగున వానిని గుమ్మటము వలె వెడల్పు చేసి, ఇనుపకడ్డీలు నిలిపి కాంక్రీటు నింపుదురు. వానిపై నేలకు తగులకుండ దూలములు పోసి గోడలు కట్టుదురు. బంకమట్టి కదలినను గోడలు బీటలు వారవు. గుంటకు గుంటకు నడుమ వేళ్ళు యథేచ్ఛగా పోవును. గుంట తొలుచునప్పుడు పెద్దవేరు అడ్డువచ్చినచో గుంటను అడుగు పక్కకు జరుపవచ్చును. కందకమును జరుపుట సాధ్యము కాదు. చెట్లు ఎండకాలమున మట్టిలోని తేమను పీల్చుటచే బంకనేల మరింత కుంగును గనుక, చెట్టు పొరుగున కట్టు ఇంటి కీ పునాది రెండు విధముల మేలు. అయినను మట్టిని పరీక్షింపించి, ఇంజనీరును సంప్రదించియే లోతును నిర్ణయింపవలెను.

ఇప్పుడు కోడలి భయమునకు సమాధానము చెప్పవలెను. కొవ్వూరు దాపున కుమారదేవము వద్ద గోదావరి గట్టున సుమారు నూటయేబది యేండ్ల నిద్రగన్నేరు చెట్టొకటి యుండెడిది. ఎన్నో చలనచిత్రములలో కనబడుటచే దానికి సినిమా చెట్టను పేరు వచ్చినది. దానిని చూచుటకై దూరప్రాంతములనుండి జనులు వచ్చెడివారు. అట్టి చెట్టు 2024 ఆగస్టులో కూలిపోయినది. ఎంత పెద్ద చెట్టయినను శాశ్వతము కాదనుట కది నిదర్శనము. కావున పెద్దచెట్టు పొరుగున నివసింపదలచినవారు దానిని ఏటేట పరీక్షించుచుండవలెను.

ఏమి చూడవలెను? మాను తట్టినప్పుడు డొల్ల శబ్దము వచ్చుచున్నదా? మొదట పుట్టగొడుగులు పుట్టుచున్నవా? కొత్తగా ఒక వైపు వాలినదా? వాలిన దాని వెనుక నేల బీటలు విచ్చినదా? రెండు పెద్దకొమ్మలు కలియు చోట చీలిక యున్నదా? ఇవి యున్నచో తెలిసినవారికి చూపి కొమ్మలను తగ్గింపవలెను. తప్పనప్పుడు చెట్టునే తీసివేయవలెను. ఇవి లేనిచో వానకాలమునకు ముందే ఎండుకొమ్మలను తీసివేసి, ఇంటిపైకి సాగిన కొమ్మలను పొట్టి చేసిన చాలును. కొమ్మను కోయునప్పుడు అది మానును కలియు చోటనుండు ఉబ్బును విడిచి కోయవలెను. ఆ ఉబ్బునుండియే చెట్టు తన గాయమును మూసికొనును. మానుకు మేకులు కొట్టుట, ఇనుపతీగలు బిగించుట, తొఱ్ఱలో సిమెంటు నింపుట తగదు. చెదలకై ఇంటి పునాదిలో పోయు మందు వేళ్ళ వైపు పారకుండ చూచుకొనవలెను.

పడకగదులను చెట్టునుండి దూరముగా, తూర్పు వరుస చివరను, ఉత్తరపు వరుస మూలను పెట్టి, చెట్టునకు దాపున వసారాను, వంటయింటి అరుగును పెట్టినచో గాలివాన రాత్రియందు కూడ తల్లి పిల్లలతో నిశ్చింతగా నిద్రింపగలదు. ఆమె భయమును విని ఇంటి పటము మారినది. భయపడినవారిని చూచి నవ్వుట కంటె వారి భయమునకు కారణమును తొలగించుట మేలు.

అన్ని చెట్లును ఇంటికి పొరుగు కాదగినవి కావు. మఱ్ఱి, రావి వేళ్ళు గోడలను చీల్చుకొని పోవును. మునగ కొమ్మ పెళుసు. కొబ్బరి వేళ్ళు పునాదిని చెఱుపవు గాని, మట్టలును కాయలును తలపై పడు ప్రమాదము కలదు; కనుక నడక దారికి దూరముగా నుండవలెను. ఇంటి దాపున కొన్ని చెట్లు కూడవని పెద్దలు చెప్పు మాటలలో కొన్నింటికి ఇట్టి కారణములు కలవు. కారణము తెలిసి పాటించినచో అది వివేకము. తెలియక ప్రతి చెట్టును నరికినచో అది మూఢత్వము.

మన గృహస్థుని చెట్టు నైరృతిన నుండుట అదృష్టము. వేసవిలో మధ్యాహ్నము దాటినది మొదలు సాయంకాలము వరకు ఎండ పడమటి వైపు నుండి కొట్టును. మామిడి ఏడాది పొడవునా ఆకుతో నుండును. ఆ ఆకు పందిరి ఎండను గోడలపై పడనీయదు. ఆకులనుండి వెలువడు నీటియావిరి చుట్టునున్న గాలిని చల్లబరచును. గోడ వేడెక్కిన పిదప యంత్రముతో చల్లబరచుటకు విద్యుత్తు కావలెను. గోడ వేడెక్కకుండ చూచుటకు చెట్టు నీడ చాలును. రాలిన ఆకును కాల్చక చెట్టు క్రిందనే పరచినచో అదియే దానికి ఎరువు. తొట్టెలోను, చూరు కాలువలలోను ఆకు చేరకుండ వారమున కొకసారి ఊడ్చుట, గొంగళిపురుగుల కాలమున వసారా దులుపుకొనుట, ఉడుతల నుండి వంటయింటిని కాచుకొనుట తప్పవు. పొరుగువారితో కాపురమన్న తరువాత కొంత ఓర్పు ఉండవలెను గదా.

చెట్టునకు ఇల్లు చోటిచ్చుట ఒక్క డెల్టావారి ఆలోచన కాదు. 1925లో ప్యారిస్ ప్రదర్శనలో లె కార్బూజియే అను వాస్తుశిల్పి కట్టిన మండపమున, అచ్చట ముందునుండి యున్న చెట్టును నరకక, కప్పుకు గుండ్రని రంధ్రము విడిచి దానిని పైకి పోనిచ్చిరి. కేరళమును తన స్వస్థలముగా చేసికొన్న లారీ బేకరు తిరువనంతపురములోని అభివృద్ధి అధ్యయన కేంద్రమును నిర్మించునప్పుడు చెట్లున్న చోట గోడలను వంపులు తిప్పి కట్టెను. రాజస్థానములోని ఉదయపూరులో 2000వ సంవత్సరమున ఒక ఇంజనీరు మామిడిచెట్టు కొమ్మల నడుమనే ఉక్కుచట్రముపై తన ఇంటిని నిలిపెను; కొమ్మలు పోవు దారిలో గదుల ఆకారమును మార్చెను. దేశములు వేరు, ధనము వేరు, నేర్పు వేరు. కాని ముగ్గురు చేసినదియు ఒక్కటే. చెట్టును అడ్డంకిగా గాక, ఇంటి పటములో ముందుగా గీయవలసిన గీతగా చూచిరి.

చట్టము కూడ ఈ విషయమున మౌనముగా లేదు. ఆంధ్రప్రదేశములో 2002లో నీరు, నేల, చెట్టు సంరక్షణకై చట్టము వచ్చినది. ప్రజలు దానిని వాల్టా చట్టమని పిలుతురు. తన దొడ్డిలోని చెట్టయినను ఇష్టము వచ్చినట్లు నరకుటకు వీలులేని సందర్భములు కలవని, నరకుటకు ముందు అనుమతి తీసికొనవలెనని ఆ చట్టము తెలుపును. అయితే చట్టము గొడ్డలిని ఆపగలదు. మెరక మట్టిని, గచ్చును, కందకమును గమనించి ఆపుట ఇంటివారి వివేకముననే యున్నది.

ఇన్ని జాగ్రత్తలతో కట్టిన ఇంటికి ఖర్చు కొంత పెరుగవచ్చును. మూలమట్టపు ఇంటికి చదరపు ఇంటికంటె గోడ పొడవు ఎక్కువ. కాని మూడడుగుల మెరక దొడ్డి యంతటికిని తోలించు పని తప్పినది. నాలుగు సెంట్లు వృథా యైనవని కొందరనవచ్చును. ఆ నాలుగు సెంట్లలో వేసవి మధ్యాహ్నము పిల్లలు ఆడుకొందురు. ముసలివారు మంచము వేసికొందురు. ఆవకాయకు ముక్కలు కొట్టుదురు. పెండ్లి వచ్చినచో పందిరి వేయనక్కర లేదు. ఇంటిలో మిక్కిలి వాడుకలో నుండు గది ఆ చెట్టు నీడయే యగును.

ఇల్లు కట్టువానికి ఏడాదిలో పని ముగియును. చెట్టునకు నలువది యేండ్లు పట్టును. సున్నము, ఇటుక, ఇనుము డబ్బు పెట్టి కొనవచ్చును. నలువది యేండ్లను కొనుట ఎవరి తరమును కాదు. కావున రెండింటిలో ఏది వంగగలదో అది వంగుట న్యాయము. విద్యార్థులు తమ ఇంటనో, బడిలోనో ఉన్న పెద్దచెట్టు చుట్టు త్రాడు చుట్టి కొలువవలెను. దానికి ఎన్ని యడుగుల నేల కావలెనో లెక్కింపవలెను. ఆ మేరలో గచ్చు యెంత, మట్టికుప్ప యెంత, నిజముగా ఊపిరాడు నేల యెంత యున్నదో చూడవలెను. నేడు లెక్క నేర్చిన బాలుడు రేపు ఇల్లు కట్టు గృహస్థుడగును. ఆనాడు అతని చేతిలోని కాగితముపై మొదట పడవలసిన గుర్తు గుమ్మమునకు గాక, అప్పటికే అచ్చట నిలిచియున్న మానుకు కావలెను.